కుడి చక్రం దగ్గరి నల్లదారం

కళ్ళు మూసుకుని, బ్రేకు మీద కాలు పెట్టి, ఏ చక్రం దగ్గర తేడా ఉందో చెప్పగలిగిన మెకానిక్‌ని ఇబ్రహీంపట్నం మొత్తంలో నేనొక్కణ్ణే. కంప్యూటర్లు పెట్టి చూసేవాళ్ళు సాగర్ రోడ్డు పొడుగునా ఉండేవారు. వాళ్ళు వైర్లు తగిలించేలోపే నేను చక్రం విప్పి పక్కన పెట్టేవాణ్ణి. బొంగులూరు నుంచి వచ్చిన ఆ తెల్ల కారు సంగతీ అంతే. పది నిమిషాల్లో పట్టేశాను.

ఈ ముక్క చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నిమిషాలు తగ్గుతూ వచ్చాయి. మొదట్లో గంట అనేవాణ్ణి. అసలు పట్టింది మూడు రోజులు.

ఔటర్ రింగు రోడ్డు పడి, మా చుట్టుపక్కల చేలన్నీ వెంచర్లవుతున్న కాలం అది. అప్పటిదాకా నా షెడ్డుకు ట్రాక్టర్లూ జీపులూ వచ్చేవి. తర్వాత కార్లు మొదలయ్యాయి, వాటితోపాటు ఏబీఎస్ బ్రేకులు. ప్రతి చక్రం దగ్గరా బొటనవేలంత సెన్సార్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో అది కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ఏ చక్రమైనా బిగుసుకుపోయి జారబోతే, కంప్యూటర్ ఆ చక్రానికి బ్రేకు వదిలి మళ్ళీ పడుతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే సెన్సార్ అబద్ధం చెబితే, అవసరం లేనిచోట కూడా బ్రేకు వదిలేస్తుంది.

ఆ కారు వచ్చేనాటికి నా భార్య పోయి పదహారు రోజులు. అంతకుముందు ఇరవై రెండు రోజులు దవాఖానలో ఉంది. కర్మ అయిపోయాక షెడ్డు తెరిచాను. తెరవాలనిపించి కాదు, పొద్దున లేస్తే కాళ్ళు అటే పోయాయి. నా కూతురు అత్తగారింటికి వెళ్ళకుండా నా దగ్గరే ఉండి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చేది. తిన్నానో లేదో డబ్బా చూసుకుంటే గాని నాకు తెలిసేది కాదు.

కారు తెచ్చినావిడ శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. కోస్తా నుంచి వచ్చి బొంగులూరులో ఇల్లు కట్టుకున్నవాళ్ళు. నెల కిందట బ్రేకు ప్యాడ్లు నా దగ్గరే మార్పించుకుంది.

“బాబాయ్ గారూ, మెల్లగా వెళ్తూ ఆపబోతే పెడల్ గడగడమంటోందండి. ఆగాల్సినచోట ఆగట్లేదు. మీటర్లో పసుప్పచ్చ లైటొకటి వెలుగుతోంది.”

“పెట్టి పో బిడ్డా. చూస్త.”

“మా పాపని రోజూ దీన్లోనే స్కూల్లో దింపుతానండి. ఎక్కించొచ్చో లేదో అదొక్కటీ చెప్పండి చాలు.”

స్కానర్ మిషన్ పక్క షాపులో అడిగి తెచ్చాను. అంటే, కంప్యూటర్ వాళ్ళను వెక్కిరించే నేను ఆ కంప్యూటర్‌తోనే మొదలుపెట్టాను. కుడి ముందు చక్రం సెన్సార్ అని చూపించింది. నేను బానెట్ ముందు, కారుకు ఎదురుగా నిలబడి ఉన్నాను. నా కుడిచేతి వైపు చక్రం విప్పి, కొత్త సెన్సార్ తెప్పించి బిగించాను. మిషన్‌తో లైటు ఆర్పాను. రిపేరు చేశాక రోడ్డు మీదికి తీసుకెళ్ళి నాలుగుసార్లు బ్రేకు వేసి చూడకుండా ఏ బండీ ఇచ్చినవాణ్ణి కాను. ఆ రోజు తాళం చేతిలోనే ఉంది, ఎక్కలేదు.

సాయంత్రం ఆవిడ వస్తే, “ఎక్కించు బిడ్డా, ఫికర్ జెయ్యకు,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ వచ్చింది. ముందు బంపర్ ఒకపక్క నొక్కుకుపోయి ఉంది.

“స్కూల్ గేటుకి తగిలిందండి. పాప వెనక సీట్లో ఉంది, ఏమీ కాలేదు. గేటు మూసుంది కాబట్టి సరిపోయింది. తీసుంటే లోపల ప్రేయర్‌కి పిల్లలు నిలబడి ఉన్నారు.” “ఎక్కించమన్నారు కదండీ,” అంది.

“అవ్. నేనే చెప్పిన.”

గట్టిగా తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. తిట్టినా పెద్ద తేడా ఉండేది కాదు. గేటు, పిల్లలు, ప్రేయర్ — రేడియోలో ధాన్యం ధరలు విన్నట్టు విన్నాను. భయపడాలని తెలుసు, భయం రాలేదు.

ఆవిడ ఆటో ఎక్కి కాలేజీకి వెళ్ళిపోయింది. ఆవిడ అటు వెళ్ళగానే నా కూతురు వచ్చింది, ఆ రోజు పెందరాళే. విషయం విని కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

“బాపు, మిషన్ల ఏమొచ్చింది?”

“కుడి ముంగటిది.”

“మరి ఎడమది ఎందుకు ఇప్పినవ్?”

“ఇదే కుడి.”

“నువ్వు ఎదురుంగ నిలవడితె గది కుడి. స్టీరింగ్ కాడ కూసొని చూడు.”

నలభై ఏళ్ళు ఈ పని చేసినవాణ్ణి. జాకీ అటు జరిపాను. చక్రం ఊడదీసి లోపలి డిస్కు మీద చెయ్యి పెట్టాను. “చెయ్యి తియ్యి బాపు!” అని ఆమె గుంజితే గాని అది కాలుతోందని తెలియలేదు. వేళ్ళ కొసలు బొబ్బలెక్కాయి. నొప్పి సాయంత్రానికి వచ్చింది, అదీ కొంచెమే.

ఆ సెన్సార్ బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. నూనె పోసి వదిలేశాం. మూడో రోజు కరెంటు కొలిచే మీటర్ పెట్టి చూస్తే సెన్సార్ బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే నా కూతురు అంకెలు చదివింది. ఎక్కడమూ దిగడమూ సాఫీగా లేదు, మధ్యలో గెంతుతోంది. బోల్టు వదిలాక సెన్సార్ బయటికి లాగాను. దాని మూతిలో అయస్కాంతం ఉంటుంది. ఆ మూతికి వడ్లగింజంత ఇనుప ముక్క అంటుకుని ఉంది. కాస్త పైన, వైరుకు చిక్కుకుని, నల్లదారమూ సగం విరిగిన ఇనుప ఉంగరమూ వేలాడుతున్నాయి.

మావైపు దిష్టి తగలకుండా బండికి నల్లదారం కడతారు. దానికి గుర్రపు నాడా మేకు వంచి చేసిన ఉంగరం గుచ్చుతారు. మామూలుగా బంపర్‌కు కడతారు. వెంచర్లలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు కొత్త కారుకు అలా వేలాడటం నచ్చదని, మా షెడ్డులో మాత్రం వాళ్ళకు కనబడకుండా చక్రం లోపలివైపు కట్టేవాళ్ళం. ఉంగరం వంచినచోట విరిగింది, ముక్కను అయస్కాంతం లాక్కుంది, చక్రం జారుతోందని కంప్యూటర్ అనుకుంది.

మూతి తుడిచి పాత సెన్సారే బిగించాను. సాయంత్రం ఆవిడ వచ్చింది. ఈసారి ఆవిణ్ణే నడపమని నేను పక్కన కూర్చున్నాను. శేరిగూడ రోడ్డు మీద మెల్లగా పోతూ పదిసార్లు బ్రేకు వేయించాను. పెడల్ గడగడమనలేదు, లైటు వెలగలేదు.

“ఇప్పుడు ఎక్కించొచ్చాండీ?”

“ఎక్కించు.”

“అసలేమైంది?”

జేబులోంచి దారం తీసి చూపించాను. “మా ఇంటామె కట్టింది బిడ్డా. బండి మంచిగుండాలె అని అన్నిటికీ గట్లనే కట్టేటిది.”

ఆవిడ దారం వంక చూసి, “పోనీలెండి, ఆవిడ మంచికే కట్టారు,” అంది. గేటు మాట ఆ తర్వాత ఇద్దరం ఎత్తలేదు.

ఇదంతా రాసి మొన్న నా కూతురికి చదివి వినిపించాను. పది నిమిషాల దగ్గర నవ్వింది. కుడీ ఎడమల దగ్గర తలూపింది. చివరికొచ్చేసరికి కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

“అమ్మ ఎన్నడన్న షెడ్డుకొచ్చి దారం కట్టిందా బాపు? గామెకు గవంటేనే పడదు. ప్యాడ్లు మార్చిననాడు అమ్మ దవాఖానల ఉండె. గప్పుడు అమ్మకేమైతదోనని నీకు బుగులు వట్టి, వచ్చిన ప్రతి బండికీ నువ్వే కట్టినవ్. గది నీ దారం. అమ్మ మీద వెయ్యకు.”