ఎర్రమీసం

బొగ్గు పరీక్షాశాలలో పొడులు కలిపే ఆయన్ని అందరూ మీసాల మామయ్య అంటారు. ఏ ఖనిజాన్ని జల్లిస్తే దాని రంగు ఆయన మీసం మీద వాలుతుంది. మూడు నెలలుగా అది సున్నపు తెలుపే. సున్నం కలిపిన బొగ్గు మండినప్పుడల్లా పొగలో గాలిని చెరిచే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గకపోగా, మీటరు మీద అంకె పైకే పాకింది.

"ఇక ఆపేద్దాం మామయ్యా," అంది ఇంజనీరమ్మ.

"ఒక్కసారి ఎర్రటి ఇనుపరాతి పొడి వేసి చూద్దామమ్మా," అని బతిమాలాడు.

ఈరోజు కొలిమిలో మంట బంతిపువ్వులా విచ్చుకుంది. ఆయన మీటరు మీదికి వంగాడు. అంకె, నిద్రకు తూగే పసిపిల్లలా, మెల్లమెల్లగా కిందికి వాలింది.

మీసం కడగనిదే గడప దాటనివ్వని భార్య రోజూలాగే నీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడింది. నవ్వుతూ వస్తున్న ఎర్రమీసాన్ని చూసి, "తగ్గిందా?" అంది.

"పావువంతు!"

"అయితే ఇవాళ్టికి అలాగే రండి," అంటూ చెంబులో నీళ్లు పూలకుండీలో పోసేసింది.