లిషీన్‌లోని తెల్లరాయి

అట్రాక్టా డర్కన్‌కి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి వచ్చి నా చెంప పగలగొట్టినా బాగుండేది.

మా పక్క పొలం ఆవిడ. మొగుడు పోయాక తొమ్మిది ఆవుల్ని ఒంటిచేత్తో సాకింది. పొయ్యిలోకి చిత్తడినేలలో పీట్ మట్టిగడ్డలు తవ్వడంలో ముగ్గురు మగాళ్ళ పెట్టు. నన్ను చూస్తే చాలు, నోరు ఊరుకునేది కాదు.

"ఏరా మాలకీ, నీ గడ్డివాము అలా ఒరిగిందేం? నీలాగే కునుకు తీస్తోందా?"

మా పొలంలో ఎగువ మూలను లిషీన్ అనేవాళ్ళు. బాప్తిస్మం కాకుండా పోయిన పసికందులకు చర్చి నేలలో చోటు లేని రోజుల్లో, తండ్రులు వాళ్ళని అక్కడ పాతిపెట్టి తలాపున ఓ తెల్లరాయి పెట్టేవారు. రాయి మీద రాత ఉండేది కాదు. అట్రాక్టా తొలిచూలు బిడ్డ కూడా అక్కడే ఉన్నాడు. ఆ గడ్డను ఎవరూ దున్నరు. మా నాన్న నాగలి అక్కడిదాకా వచ్చి పక్కకు తిరిగేది.

నేను తిప్పలేదు. కొత్త ట్రాక్టరు వచ్చి నా కళ్ళు నెత్తికెక్కాయి. రాళ్ళన్నీ ఏరి దారి పక్క గోడలో పేర్చేసి, బంగాళాదుంపలు వేశాను. మరుసటి ఏడు పొలాల పేర్లు రాసుకోవడానికి ఒకాయన పటం పట్టుకుని వచ్చాడు.

"ఈ మూలకి పేరేంటండీ?"

పేరు చెబితే రాళ్ళేవని అడుగుతాడు.

"పేరా? ఏం లేదండీ. ఎగువ పొలమంటాం."

నోట్లో పురుగులు పడలేదు. పడాల్సింది.

పటాన్ని ఊరి హాల్లో తగిలించిన రోజు అందరూ వచ్చారు. అట్రాక్టా కళ్ళద్దాలు పెట్టుకుని, వాగు గీత వెంట వేలు జరుపుకుంటూ మా పొలం దాకా వచ్చి ఆగింది.

"లిషీన్ లేదేం, నాయనా?"

"మర్చిపోయానమ్మా." అది రెండో అబద్ధం.

"పోనీలే. మావాడికి ఇంకెక్కడా గుర్తు లేదు కదా, ఇందులోనైనా ఉంటుందేమో అనుకున్నా. రాయి మాత్రం మంచిచోటే పెట్టావులే. గోడలో గేటు నుంచి మూడోది, ఎర్రచార ఉన్నది. వంగక్కర్లేకుండా చేతికందుతోంది."

ఏడాదిగా ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళుతూ ఆ గోడ మీద చెయ్యేసి నిలబడేది. ముసలిది ఆయాసం తీర్చుకుంటోందనుకుని, "ఏవమ్మా, ఇంజను ఆగిందా?" అని ట్రాక్టరు మీంచి నేనే కేకేసేవాణ్ణి.

ఆమె నవ్వి చెయ్యి తీసేసేది.