చల్లగాలిలో బండారి వాసన

ఎండనూ నీడనూ తన చేతిలో పెట్టుకొని, అడగకుండానే మనకు ఊపిరి పోస్తున్న ఆ స్వామికి ముందుగా నమస్కారం. ఆయన దయ లేకపోతే నా చేతికి పని లేదు, ఈ మాటలూ లేవు.

ఈ ఉదయం ప్రజ్ఞాపూర్‌లోని నా షెడ్డులో ఒక పెద్ద లారీ ఏసీ బాగుచేసి స్విచ్ వేయగానే, మొదటి గాలితో పాటు పసుపు వాసన తగిలింది. కొమురవెల్లి మల్లన్న భక్తులు బండారి అని పిలిచే పసుపు అది. చేతిలోని పానా పక్కన పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాను. నాకు పని నేర్పిన మల్లేశం ఉస్తాద్ గుర్తొచ్చాడు.

ఆయన షెడ్డు సిద్దిపేటలో, కరీంనగర్ రోడ్డు మీద ఉండేది. నేను భజన మండలిలో తాళాలు వాయిస్తూ, పురాణం వింటూ పెరిగినవాణ్ణి. ఆయన గుడికి వచ్చేది పండుగలకే. కానీ ఆయనకొక అలవాటు ఉండేది. ఏ బండి వచ్చినా పానా పట్టకముందే డ్రైవర్ పక్కన ఎక్కి, అద్దాలన్నీ ఎత్తించి, ఆ ఉక్కపోతలో కూర్చునేవాడు. "మీటర్ పెడితే తెలుస్తది గద ఉస్తాద్" అని ఒకసారి అన్నాను. "మీటర్‌కు చెమట పడుతదా?" అన్నాడు.

ఒక ఎండాకాలం నర్సింలు అనే డ్రైవర్ సిమెంటు లారీతో వచ్చాడు. ముందు రోజు గజ్వేల్ దాటాక వేడికి కళ్లు తిరిగి, బండిని డివైడర్ అంచుదాకా తీసుకెళ్లాడట. ఎన్ని చోట్ల గ్యాస్ నింపించినా క్యాబిన్ చల్లబడలేదు. "గీసారి బాగు గాకుంటే బండి దిగుమన్నడు మా సేటు. నేను సాకులు చెప్తున్ననంటడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిరుడు మల్లన్నకు బోనం మొక్కి చెల్లియ్యలె ఉస్తాద్. గందుకే దేవుడు గుస్సయిండు" అన్నాడు.

ఉస్తాద్ ఆయన పక్కన ఎక్కి కూర్చున్నాడు. అంగీ తడిసి వీపుకు అంటుకునేదాకా దిగలేదు. "గీ క్యాబిన్ల పప్పు పెడితే ఉడుకుతది గదా నర్సింలు" అన్నాడు. అంత బాధలోనూ నర్సింలు నవ్వాడు.

ఇంజిన్ నడుస్తుండగా ఉస్తాద్ ఏసీ పైపు పట్టుకొని చూశాడు. చల్లగా, నీటి చుక్కలతో ఉంది. లోపల గాలి వచ్చే చోట అరచెయ్యి పెడితే మాత్రం ఊపిరంత గాలి కూడా లేదు. "సల్లదనం తయారైతుంది. లోపలికొచ్చే తొవ్వనే మూసుకుంది" అని డ్యాష్‌బోర్డు కింది భాగం విప్పించాడు. గాలి దూరి చల్లబడాల్సిన కాయిల్ నిండా పసుపు ముద్ద గట్టిపడి ఉంది. దానికి పైన, డ్యాష్‌బోర్డు మీద మల్లన్న ఫోటో. నర్సింలు రోజూ దాని మీద చల్లే బండారిని ఫ్యాను లోపలికి లాగుతోంది. తడి కాయిల్ మీద అది పేరుకుపోయింది. ఉక్క పెరిగినకొద్దీ ఆయనకు భయం పెరిగింది. భయం పెరిగినకొద్దీ ఇంకా చల్లాడు.

నర్సింలు ముఖం పాలిపోయింది. "దేవుని బండారే నాకు అడ్డమైందా?"

ఉస్తాద్ మెత్తటి బ్రష్‌తో కాయిల్ కడిగాడు. ఆ నీళ్లు మోరీ కాలువలోకి పోకుండా బకెట్లో పట్టాడు. అందులో వేలు ముంచి తన నొసటికి పెట్టుకొని, నర్సింలు నొసటికీ పెట్టాడు.

"మల్లన్న గుస్స కాలె బిడ్డా. నిన్న డివైడర్ కాడ నిన్ను చూసి గాయినే భయపడ్డడేమో. ఫోటోను పైన అద్దం కాడ పెట్టుకో. బండారి నీ నొసటికి పెట్టుకో, సాలు."

తర్వాత సేటుకు ఫోన్ చేశాడు. "నీ డ్రైవర్ సాకులు చెప్పలె సేటూ. గాలి తొవ్వ మూసుకపోయింది. గీ ఎండల నువ్వు గా సీట్ల జరసేపు కూసున్నా తెలుస్తుండె. మంచి మనిషి, ఇడువకు."

బకెట్లో నీళ్లు షెడ్డు ముందున్న వేపచెట్టుకు పోశాడు. నర్సింలు చల్లబడిన క్యాబిన్‌లో అద్దాలు పైకెత్తి బండి తీసుకెళ్లాడు. ఆ ఎండాకాలమంతా అదే బండి మీద, మా షెడ్డు ముందు హారన్ కొట్టి పోయేవాడు.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. ప్రతి మనిషిలో దేవుడుంటాడని మండలిలో ఎన్నోసార్లు విన్నాను. ఆ మనిషి పక్కన చెమట పట్టేదాకా కూర్చోవడం ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఈ ఉదయం కూడా డ్రైవర్ పక్కన కూర్చున్నాకే పానా పట్టాను. ఈ లారీ కాయిల్ కడిగిన పసుపు నీళ్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయి, చెట్టుకు పొయ్యాలి.

చదువుతున్న మీరూ నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, ఈ ఎండలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చల్లగాలి చేరనివ్వు. మా ఉస్తాద్‌ను నీ నీడన, నీ పక్కనే కూర్చోబెట్టుకో.