మింగితే కదిలేది

ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పే సర్వేశ్వరరావు మాస్టారు అన్నం ముద్దను తియ్యగా అయ్యే దాకా నములుతారు. పిండిపదార్థం నోట్లోనే చక్కెరగా మారడం మొదలవుతుందని పిల్లలకు చూపించాలని ఆయన పట్టుదల. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు కూసిన అరకు రైలు, మింగేలోగా సొరంగాలన్నీ దాటిపోతుందని పిల్లలు నవ్వుకుంటారు.

సెలవులకు ఇంటికెళ్లిన రత్న తిరిగి రాకపోతే, ఆ పిల్లను తీసుకురావడానికి మొన్న మాస్టారు కొండెక్కారు. డొక్కలు ఎగిరిపడుతుండగా వాళ్లింటి అరుగు మీద కూలబడ్డారు. రత్న మామ్మ చోడి అంబలి, అంటే రాగిజావ, చేతికిచ్చి, "మీ నమలుడు నేర్సుకుని మా గుంట రత్న గంటసేపు తింతంది బాబూ. కాఫీ పళ్లు ఎవులు కోత్తారు? ఇక బడికి పంపను" అంది. ఆమెను మెప్పించాలని మాస్టారు రొప్పుతూనే అంబలి గడగడా తాగబోయారు. పొలమారింది. ముసలమ్మ ఆయన నడినెత్తిన తడుతూ, "ఎవులో తలుసుకుంతన్నారు" అంది. "కాదు మామ్మా," అంది రత్న, "మింగినప్పుడు ఊపిరిగొట్టం మీద మూత పడతాది. సారు మింగుతా గాలి పీల్సీసినారు. మూత పడనేదు." "నా పీకలోనూ ఉందేటే ఆ మూత?" రత్న ఆమె వేళ్లను ఆమె గొంతు మీదే ఆనించి, "మింగు" అంది. ముసలమ్మ గుటక వేసింది. వేళ్ల కింద ఏదో పైకి లేచి దిగింది. నమ్మలేక మళ్లీ మింగింది. కాఫీ పళ్లు కోసే బుట్టను తన వైపు లాక్కుంది.

"పళ్లు నాను కోసుకుంతాను," అంది. "ఎల్లు, బడి సంచీ తెచ్చుకో."