సన్నే చెరిపించిన దారులు

సన్నేకి చదువు రాదు. కాగితం ఎంత దూరం పోతుందో మాత్రం తెలుసు. ఆయతి కడుపులో ఉన్నప్పుడు ఎవరో వచ్చి, సర్వే అని చెప్పి, ఇంటింటికీ తిరిగి మనుషుల పేర్లు రాసుకుపోయాడు. పది రోజులకు పోలీసు బూట్లవాళ్లొచ్చారు. వాళ్ల వెనకే అడవిలోపలి అన్నలు. ఇద్దరూ అడిగిందొకటే: "రాయించిందెవరు?" ఆ సర్వే మనిషికి మంచినీళ్లిచ్చిన పాపానికి సన్నే మొగుడు దేవా ఊరొదిలిపోయి రెండేళ్లు ఊరి మొహం చూడలేదు.

ఆ ఆయతే ఇప్పుడు సుక్మా పట్నంలో కాలేజీ చదువుతోంది. మౌనిక అనే టీచరు, పోలండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో కలిపి కంప్యూటర్లో క్లాసు నడుపుతోంది. ఇక్కడి పిల్లకు అక్కడి పిల్ల జత. ఒకరి బతుకు ఒకరికి చెప్పుకోవాలి. ఈసారి ఊరి పటం గీసి చూపాలి. చూపకపోతే ఆయతి ఆ పేపరు తప్పినట్టే. సెలవుకు ఇంటికొచ్చి గీస్తుంటే తల్లి చూసింది.

"ఎవరికే ఇది?"

"నా జతపిల్లకు, అవ్వా."

"ఆమె పక్కన ఎవరుంటరు?"

"గోడ ఉంటది," నవ్వింది ఆయతి.

సన్నే వేలు పటం మీద ఆగింది. ఇళ్లు, బోరింగు, గుట్ట వెనక నుంచి వాగుకు దిగే కాలిబాట. "ఈ బాట చుట్టాలకే చెప్పం. నువ్వేంది, దేశాలకు చాటుతున్నవ్?"

మర్నాడు కూతురితో పాటు తానూ బస్సెక్కింది. మౌనిక కుర్చీ వేసినా కూర్చోలేదు. తెరమీద పసుపుపచ్చ జుట్టు జతపిల్ల నవ్వుతోంది.

"వీళ్లది ఏ గోత్రమో అడుగు, మేడం."

మౌనిక అడిగింది. ఆ పిల్లకు ప్రశ్నే అర్థం కాలేదు.

"గోత్రం లేదా? మరి ఎవర్ని పెండ్లి చేసుకోకూడదో ఎట్ల తెలుస్తది? సరే. ఆ డబ్బా అటు తిప్పమను."

ఆ పిల్ల కంప్యూటర్ని అటు తిప్పింది. తెరకవతల బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. చేతులూపారు. ఆయతి మొహం వాడిపోయింది. నెలరోజులుగా తను చెప్పిందంతా వాళ్లూ విన్నారన్నమాట.

"వాళ్లూ క్లాసువాళ్లేనమ్మా," అంది మౌనిక.

"అయితే ముందే చెప్పొచ్చు కద," అంది సన్నే.

చదువుకున్నవాళ్లం పటం చూసి ఊరు తెలిసిందనుకుంటాం. సన్నే ఇళ్లను ఉండనిచ్చింది. బాటలన్నీ దగ్గరుండి చెరిపించింది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎలా వెళ్తారని ఆ పిల్ల అడిగితే, "రమ్మను. బస్సు దిగి నిలబడితే మేమే తోలుకపోతం," అంది.

బాటలు లేని పటానికి మార్కులు సగమే పడ్డాయి. ఆయతి గట్టెక్కింది గానీ, మళ్లీ సెలవుకు ఇంటికొచ్చి తల్లితో వారం మాట్లాడలేదు. ఎనిమిదోరోజు సన్నేనే కదిపింది.

"ఆ పటం ఇప్పుడెక్కడున్నది?"

"కంప్యూటర్ల."

"తీసేయొచ్చా?"

ఆయతికి తెలియదు. తెలియదనే చెప్పింది.