బోర్డు ముందు అంతమ్మ

అంతమ్మ చెయ్యి విరిగి రెండేళ్లు దాటాక, ఆ చెయ్యి ఎంత చెడిపోయిందో మళ్లీ ఒకసారి చూడాలని కోర్టు చెప్పింది.

ముడిమ్యాల నుంచి మొయినాబాద్ దగ్గరి గులాబీ తోటకు రోజూ పొద్దున్నే ఒక ఆటో నిండా ఆడవాళ్లు పోయేవారు. పదకొండేళ్లు అంతమ్మ ఆ ఆటోలోనే పోయింది. ప్లాస్టిక్ కప్పిన షెడ్డుల్లో వరసల మధ్య నడుస్తూ ఎడమచేత్తో కాడ పట్టుకుని కుడిచేత్తో కత్తెర వెయ్యడం ఆమె పని. కొత్తగా చేరిన ఆడపిల్లలకు సూపర్‌వైజర్ ఆమెనే చూపించి, "అంతమ్మను సూడుండ్రి, ముల్లు తగుల్తదా ఆమెకు?" అనేవాడు. ఒక చలికాలపు ఉదయం, చేవెళ్ల దాటాక, ఎదురుగా వచ్చిన టిప్పర్ ఆటోను ఒరుసుకుంటూ పోయింది. అంతమ్మ అంచున కూర్చుని బయటి రాడ్ పట్టుకుని ఉంది. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ప్లేట్లు వేశారు, ఎముకలు అతుక్కున్నాయి. నరం మాత్రం బాగుపడలేదు. అరచెయ్యి పైకి తిరగదు. బొటనవేలు చూపుడువేలిని అందుకోదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు నలభై శాతం వైకల్యమని కాగితం రాసిచ్చాడు. నష్టపరిహారం కోసం వేసిన కేసులో, టిప్పర్‌కు బీమా చేసిన కంపెనీ ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరికీ సంబంధం లేని డాక్టర్లు చూసి చెప్పాలంది. దాంతో పట్నంలోని ఒక సర్కారు దవాఖానలో మెడికల్ బోర్డు ముందు హాజరు కమ్మని అంతమ్మకు తారీఖు వచ్చింది.

చేవెళ్లలో విత్తనాల దుకాణం మీది గదిలో వకీలు రత్నాకర్ ఆఫీసు. అంతమ్మ, డిగ్రీ చదువుతున్న కూతురు ప్రవళిక ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"చూడు అంతమ్మా, ఆ డాక్టర్లు మనోళ్లు గాదు, కంపెనోళ్లు గాదు. నువ్వేం నటించొద్దు. నొప్పి లేనికాడ నొప్పి అన్నవంటే ఉన్న నొప్పిని గూడ నమ్మరు."

"నేనెందుకు నటిస్త సారూ?"

"నటించవని నాకెరుకనే. నా ఫికర్ అది గాదు. నిన్ను ఎప్పుడడిగినా 'మంచిగనే ఉన్న సారూ' అంటవు. ఆడ గూడ గట్లనే అన్నవంటే కేసు ఖతం." ఆయన ప్రవళిక వైపు తిరిగాడు. "బిడ్డా, పొద్దున లేసినకాడికెల్లి మీ అమ్మకు ఏమేం చేతనైతలేదో ఒక కాగితం మీద రాయి. ఒక్కటి గూడ ఇడువొద్దు. రాసినంక ఆమెకు సదివి వినిపియ్యి. ఆడ గుర్తుండాలె."

ఆదివారం మధ్యాహ్నం ప్రవళిక నోట్‌బుక్ తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. అంతమ్మ భర్త బాలమల్లు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అతను మోకిలలో కొత్తగా లేచిన విల్లాల దగ్గర వాచ్‌మన్, ఆదివారం సెలవు.

"రాయి మరి," అంది అంతమ్మ. "కత్తెర పట్టనీకి రాదు. బిందె ఎత్తనీకి రాదు. అంతే."

"అంతేనా?"

"ఇంకేమున్నదే?"

ప్రవళిక కాగితం తిప్పింది. అప్పటికే రెండు పేజీలు నిండి ఉన్నాయి. తలెత్తకుండా, పాఠం అప్పజెప్పినట్టు చదివింది. జడ వేసుకోనీకి రాదు. జాకెట్ హుక్కులు పెట్టుకోనీకి రాదు. రొట్టెపిండి పిసకనీకి రాదు. తాళంచెవి తిప్పనీకి రాదు. బస్సులో రాడ్ పట్టుకుని నిలబడనీకి రాదు. రెండుసార్లు పడ్డది, మాతో చెప్పలేదు.

"నీకెవరు చెప్పిండ్రు?" అంది అంతమ్మ.

ప్రవళిక ఆగలేదు. "తోమిన గిన్నెలకు జిడ్డు పోదు. బాపు మళ్ల తోముతడు."

అంతమ్మ భర్త వైపు చూసింది. బాలమల్లు తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పుడన్న ఒక్కసారి," అన్నాడు.

"రోజూ," అంది ప్రవళిక, తాను రాసింది చూస్తూ.

రెండేళ్లుగా తన బాధ వాళ్లకు తెలియకుండా నెట్టుకొస్తున్నానని అంతమ్మ అనుకునేది. తమకు తెలుసన్న సంగతి ఆమెకు తెలియనివ్వకుండా వాళ్లే నెట్టుకొచ్చారని ఇప్పుడు అర్థమైంది. ఇల్లంతా తనదే అనుకుని తిరిగిన మనిషికి, ఆ ఇంట్లో తను ఎవరో సాకుతున్న చుట్టంలా అనిపించింది. లేచి పోదామనుకుంది. కానీ కూతురు ఇంకా చదువుతోంది.

"కుడిచేత్తోని అన్నం తిననీకి రాదు. ఎడమచేత్తోని చెంచా పట్టుకోని తింటది. అందుకే ఎవ్వరింటికి పోదు. పెద్దమ్మ కొడుకు పెండ్లిల కడుపునొప్పి అని చెప్పి తినకుండనే ఒచ్చింది."

"అది కొట్టెయ్యి."

"సార్ ఒక్కటి గూడ ఇడువొద్దన్నడు."

"కొట్టెయ్యి అంటున్న గదనే! అంతమంది ముంగట, ఎడమచేత్తోని తింట అని నా నోటితోని చెప్పాల్నా?"

"డాక్టర్లమ్మా వాళ్లు. రోజు గివే చూస్తరు."

ప్రవళిక కొట్టెయ్యలేదు. ఆ రోజు నుంచి కాలేజీ నుంచి రాగానే డాక్టరులా ఎదురుగా కూర్చుని అడిగేది. జడ ఎవరేస్తరు? బిడ్డ ఏస్తది. నొప్పికి గోలీ ఏసుకున్నరా? పొద్దున ఒకటి ఏసుకున్న. అన్నం ఎట్ల తింటరు? అక్కడికి వచ్చేసరికి అంతమ్మకు నోరు పెగిలేది కాదు. నాలుగోనాడు గోడ వైపు చూస్తూ, "చెంచాతోని. ఎడమచేత్తోని," అనేసింది. ప్రవళిక ఆమె భుజం పట్టుకుని, "గంతే అమ్మా, గదే చెప్పు," అంది. అంతమ్మకు ఏదో గండం గడిచినట్టే అనిపించింది.

తారీఖు నాడు తల్లీకూతుళ్లు చేవెళ్లలో బస్సెక్కారు. చెయ్యి చూపించడానికి వీలుగా అంతమ్మ వదులు చేతుల జాకెట్ వేసుకుంది. ఎక్స్‌రేలు, పాత చీటీలు ప్లాస్టిక్ సంచిలో సర్ది ప్రవళిక ఒళ్లో పెట్టుకుంది. మొయినాబాద్ దాటేదాకా అంతమ్మ కిటికీ వైపు చూడలేదు.

దవాఖాన వరండాలో మూడు గంటలు కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడు ప్రవళిక కూడా లేచింది. పేషెంటు ఒక్కరే రావాలని నర్సు ఆపడంతో సంచి తల్లి చేతికిచ్చింది.

లోపల బల్ల వెనుక ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. పక్కన పుస్తకాలు పట్టుకుని నలుగురైదుగురు డాక్టరు చదువు పిల్లలు నిలబడ్డారు. వాళ్లలో ఒకమ్మాయికి సరిగ్గా ప్రవళిక వయసే ఉంటుంది. పెద్ద డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడు. చెయ్యి ఎంత వంగుతుందో, ఎంత తిరుగుతుందో స్కేలు పెట్టి కొలిచాడు. పట్టు కొలిచే పరికరం చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాడు. నొక్కమంటే అంతమ్మకు ఉన్న బలమంతా పెట్టడమే తెలుసు. పళ్లు బిగించి నొక్కింది. చెమట పట్టింది.

"జడ మీరే వేసుకుంటారా?"

"లేదు సార్, బిడ్డ ఏస్తది."

"బరువులు?"

"లేపనీకి రాదు సార్."

చెప్పగలుగుతున్నానని ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

"భోజనం చేత్తోనే చేస్తారా?"

చదువుకునే పిల్లలు రాసుకోవడం ఆపి తలలెత్తారు. అందరి చూపూ ఆ చేతి మీద పడింది. ప్రవళిక వయసు పిల్ల కూడా చూస్తోంది. అంతమ్మకు ముఖం మండినట్టైంది. కుడిచెయ్యి కొంగు కిందికి లాక్కుంది.

"తింట సార్."

"కుడిచేత్తోనేనా?"

"ఆ."

ఆయన రాసుకున్నాడు. సంచి ఆమెకు ఇచ్చేసి, వెళ్లమన్నట్టు తల ఊపాడు. వాకిట్లో నర్సు ఇంకో పేరు పిలుస్తోంది.

"అన్నీ చెప్పినవా?" అని అడిగింది ప్రవళిక.

"చెప్పిన."

"తినేది గూడ?"

"చెప్పిన గదనే. పా, బస్సు పోతది."

నెలన్నర తర్వాత రిపోర్టు వచ్చింది. రత్నాకర్ ముందు తనలో తాను చదువుకుని, తర్వాత వాళ్లకు తెలుగులో చెప్పాడు. ఇరవై రెండు శాతం. "అది సరే. 'కుడిచేత్తో భోజనం చేయగలనని స్వయంగా చెప్పినది' అని రాసిండ్రు ఈడ. చెయ్యి పని చేస్తున్నదనటానికి కంపెనీ వకీలు ఈ ఒక్క ముక్క పట్టుకుంటడు."

ప్రవళిక తల్లి వైపు తిరిగింది.

"సిగ్గైంది సారూ," అంది అంతమ్మ.

రత్నాకర్ ఫైలు మూశాడు. "ఆ డాక్టర్‌ను కోర్టుకు పిలిచి అడుగొచ్చు. ఇంకో ఏడాది పడ్తది. నువ్వు గూడ బోనెక్కాలె. ఆనాడు తప్పు చెప్పిన, అసలు గిట్ల తింట అని చెప్పాలె."

"అందరి ముంగటనా?"

"కోర్టంటే అందరి ముంగటనే గదమ్మా."

అంతమ్మ తల అడ్డంగా ఊపింది. ప్రవళిక లేచి మెట్లు దిగి వెళ్లిపోయింది. బస్టాండులో తల్లి పక్కన కాకుండా రెండు బెంచీల అవతల కూర్చుంది. ఊరు చేరాక మాత్రం ఒకే ఒక్కటి అడిగింది: "ఇంట్ల మాతోని గూడ గిట్లనే చెప్తున్నవా అమ్మా? నొప్పి లేదు, మంచిగున్న అని?"

అంతమ్మ ఏం చెప్పినా ప్రవళిక నమ్మేది కాదు.

జడ్జి ఇరవై రెండు శాతాన్నే లెక్కలోకి తీసుకుని పరిహారం తేల్చాడు. తోటలో అప్పటికే వేరే ఆమె పనిలో ఉంది. తీర్పు వచ్చిన రోజు రత్నాకర్ బాలమల్లుకు ఫోన్ చేశాడు. బాలమల్లు డ్యూటీ నుంచి నేరుగా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి చెప్పాడు.

"అయిపోయిందా?" అంది అంతమ్మ.

"అయిపోయింది."

"మళ్ల ఎవ్వరు సూస్తమని పిలువరు గద?"

ఆమె గొంతులో ఉన్నది ఊరట. బాలమల్లు ఆమె ముఖంలోకి చూసి, చెప్పులు విడిచాడు.

"పిలువరు," అన్నాడు.