అమావాస్య జ్వరం

మా ఆయన ఉద్యోగం వెతుక్కుంటానని బెంగళూరు వెళ్లి, ఉద్యోగంతో పాటు ఇంకో సంసారం కూడా వెతుక్కున్నాడు. నాకు మిగిలింది మూడున్నరేళ్ల కూతురు, ఎమ్మిగనూరులో ఒక అద్దె గది, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ఉద్యోగం. ట్రాక్టర్లు, లారీలు వచ్చి కాటా మీద నిలబడితే, కంప్యూటర్లో బరువు చూసి చీటీ తీసి ఇవ్వడం నా పని. డ్రైవర్లతో గొంతు చించుకోవడం జీతం లేని అదనపు పని.

పిల్లను ఎక్కడ వదలాలి? నాకు అమ్మ లేదు. అత్త ఉంది గాని, ఆమె లెక్కలో నేను లేను. ఆదోనిలో గోడల నిండా కుందేళ్లు, ఏనుగులు గీసిన ఒక ప్లేస్కూలుకు వెళ్లి అడిగాను. సాయంత్రం దాకా చూసుకోవడానికి వాళ్లు చెప్పిన ఫీజు నా జీతంలో సగం పైనే ఉంది. "మధ్యాహ్నం అన్నం మాత్రం మీరే పంపాల మేడమ్" అంది అక్కడి అమ్మాయి నవ్వుతూ. ఆ ఫీజు కట్టాక పంపడానికి అన్నం ఎక్కడ మిగులుతుంది తల్లీ అనుకుంటూ బయటికొచ్చేశాను.

ఆఖరికి నన్ను గట్టెక్కించింది మా వెనకింటి అవ్వ. ఆ ఇంట్లో తాత మగ్గం నేస్తాడు, అవ్వ రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతుంది.

"పొద్దంతా మేమిద్దరం ఈడనే కూకోనుంటాము. నీ బిడ్డ కూడా కూకుంటాది. దానికేమే అంత ఆలోసన?" అంది.

నెలకు ఆమె అడిగిన డబ్బు వింటే నాకే సిగ్గేసింది. దానికి తోడు వారానికోసారి ఆదోని నుంచి ఆకూ వక్కా తెచ్చిపెట్టమంది, అంతే. ఇక నా కూతురు అక్కడ రాజ్యం ఏలింది. పోగు తెగితే తాత కంటే ముందు తనే చూసి "తెగింది, తెగింది" అని కేకలు పెట్టేది. నేను నిశ్చింతగా పొద్దున్నే ఆదోని బస్సెక్కేదాన్ని.

అంతా బాగుంది, అమావాస్య ఒక్కటి తప్ప.

నేతవాళ్లకు ఆదివారం సెలవు లేదు, అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గం ముట్టరు. అవ్వా తాతా తెల్లారేసరికి తలస్నానాలు చేసి ఉరుకుంద ఈరన్న సామి దగ్గరికి బయల్దేరతారు. ఎప్పటిదో మొక్కు. మా మిల్లుకేమో ఆదివారమే సెలవు. వీళ్ల సెలవుకూ వాళ్ల సెలవుకూ పొత్తు కుదరక మధ్యలో నేను నలిగిపోయాను. పాపను కూడా తీసుకుపొమ్మని అడిగి చూశాను.

"అంత జనంలో తప్పిపోతే నీకేమని సెప్పాల నేను? వద్దే తల్లీ" అని అవ్వ చెంపలేసుకుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, అమావాస్య కాబట్టి సెలవు కావాలంటే ఎవరిస్తారు? అందుకని పాపకు జ్వరం అన్నాను. రెండో నెల బేదులన్నాను. మూడో నెల కొత్త రోగం తట్టక మళ్లీ జ్వరమే అన్నాను. అబద్ధం ఆడిన ప్రతిసారీ దాని నుదురు తాకి చూసుకునేదాన్ని, నిజంగానే వస్తుందేమోనని భయమేసి.

మా మేనేజరు యాభై దాటిన మనిషి. చెడ్డవాడేం కాదు. కాకపోతే పిల్లి ఎదురొస్తే లోడు లారీని కూడా కాసేపు ఆపించే రకం. మూడో అమావాస్య మర్నాడు నన్ను పిలిచి గోడ మీది క్యాలెండరు ముందు నిలబెట్టాడు. దొరికిపోయాను, ఇక ఇంటికే అనుకున్నాను.

"ఈ నల్ల సున్నాలు సూసినావా అమ్మా?"

"చూశాను సార్."

"మూడు నెలల నుంచి గమనిస్తాండా. సరిగ్గా ఈ పొద్దులకే నీ బిడ్డకు ఒళ్లు బాగుండదు." గొంతు తగ్గించాడు. "ఇది డాక్టరు దగ్గర పోయేది కాదమ్మా. బిడ్డకు గాలి సోకింది."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. మూడు అబద్ధాలు ఒప్పుకుంటే ఉద్యోగం ఉండదని గుర్తొచ్చి మూసేశాను. అది చూసి ఆయన, "పాపం, ఏడుపు ఆపుకుంటాంది" అని జాలిపడ్డాడు.

సాయంత్రానికి మిల్లంతా తెలిసిపోయింది. హమాలీ ఒకాయన దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, "ఫికర్ సేయొద్దమ్మా" అని ధైర్యం చెప్పాడు. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లు తలా ఒక నల్లదారం, తలా రెండు నిమ్మకాయలు ఇచ్చారు. దిష్టి తీసి మూడు దారుల్లో పారేయమన్నారు. పారేయడానికి మనసొప్పక వారం రోజులు చిత్రాన్నం చేసుకున్నాం.

నాలుగో అమావాస్య దీపావళి. దేవుడి దయవల్ల ఆ రోజు మిల్లు కూడా మూసేశారు. హాయిగా వాకిట్లో చిచ్చుబుడ్డి వెలిగిస్తుంటే మేనేజరు ఫోను.

"బిడ్డ ఎట్లుందమ్మా?"

బాగుందని చెప్పబోయేలోగా చిచ్చుబుడ్డి అంటుకుంది, నా కూతురు సంతోషం పట్టలేక కెవ్వున అరిచింది. "అయ్యో అయ్యో, ఇనపడతాంది" అంటూ ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత సీజను ముదిరింది. గేటు బయట దాకా పత్తి బండ్లు బారులు తీరాయి. ఇప్పుడు ఒక్క రోజు సెలవు పెట్టినవాళ్లు మళ్లీ రానక్కర్లేదని యజమాని అందరికీ చెప్పేశాడు. కార్తీక అమావాస్య ఇంకా వారం ఉంది. ఈ ఉద్యోగం పోతే గది అద్దె లేదు, అవ్వకిచ్చే ఆ కాస్తా లేదు, పాపకు పాలు లేవు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

మందు మేనేజరే కనిపెట్టాడు. "నువ్వు సెలవు అడగొద్దు. ఆ పొద్దు బిడ్డను ఈడికే ఎత్తుకొని రా. పెద్దకడుబూరు దిక్కున ఒక ముసలామె ఉంది, ఎట్లాంటి గాలినైనా దింపేస్తాది. నేను పిలిపిస్తా."

గత్యంతరం లేక సరేనన్నాను. కానీ ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. వేపమండతో నా బిడ్డను ఒక్క దెబ్బ కొట్టినా, ఉద్యోగం పోతే పోనీ, కాటా దగ్గరున్న ప్రింటరు ఎత్తి మేనేజరు నెత్తిన వేస్తాను.

ఆ రోజు భోజనాల వేళకు ముసలామె వచ్చింది. నుదుట రూపాయంత కుంకుమ, చేతిలో వేపమండ. నా కూతురు మెడలో తాయెత్తు, నల్లదారాలు వేసుకుని నా కుర్చీలో కూర్చుని బొరుగులు తింటోంది. మిల్లు జనమంతా చుట్టూ మూగారు.

"ఎవరు నువ్వు? యాడినుంచి వచ్చినావు?" అని ముసలామె గద్దించింది.

"ఎమ్మిగనూరు నుంచి. బస్సులో" అంది నా కూతురు.

"సూసినావా, ఒప్పుకుంటాంది" అన్నాడు మేనేజరు.

"ఈ పొద్దు ఎందుకొచ్చినావు?"

"ఈ పొద్దు అమావాస్య. తాత మగ్గం నెయ్యడు. అవ్వా తాతా ఉరుకుంద పోయినారు. నన్ను సూసుకునేకి ఎవరూ లేరు."

మిల్లు జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"మరి ముందటి అమావాస్యలకు ఏం సేసినావు?"

"ఇంట్లో ఆడుకున్నా. నాకు జరమని అమ్మ సెప్పింది. నాకు జరం లేదు."

మేనేజరు ముఖం ఎర్రబడింది. క్యాలెండరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ముసలామె మాత్రం నన్నూ నా కూతుర్నీ మార్చి మార్చి చూసి, ఈసారి మెల్లగా అడిగింది.

"నీకేం గావాల?"

"అమ్మ కాడ ఉంటా."

ముసలామె వేపమండ కింద పెట్టింది. మేనేజరు వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. "ఇది మొండిది సామీ, దింపినా దిగదు. నెలకొకసారి అమావాస్య పొద్దు ఈడికి వస్తాది. తల్లి పక్కన ఒక కుర్సీ ఏసి, ఇన్ని బొరుగులు పెట్టి కూకోబెట్టండి. ఎవరినీ ఏమీ సెయ్యదు. ఎల్లగొడితే మాత్రం మిల్లుకు మంచిది కాదు. ఆపైన మీ ఇష్టం."

మేనేజరుకు అంతా అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. కానీ ఆమెను అంతమందిలోకి పిలిపించింది తనే. పైగా ఆమె మాట కాదనే ధైర్యం ఆయనకు ఈ జన్మలో రాదు. నన్ను కొరికేసేలా చూసి, బయటికి కేకేశాడు.

"ఎవరప్పా ఆడ? ఒక కుర్సీ తెండి." ఒక క్షణం ఆగి మళ్లీ అరిచాడు. "సేతులుండేది తెండి. బిడ్డ పడిపోతాది."

ముసలామెను గేటు దాకా సాగనంపడానికి వెళ్లాను. "అవ్వా, నీకు తెలిసిపోయింది కదా?" అన్నాను.

"తెలీకేమి?" అంది, చెంగులో ఆకూ వక్కా ముడేసుకుంటూ. "నా పెద్దబిడ్డను సేను గట్టు మీద పండబెట్టి పత్తి ఏరతాంటి. అది ఏడిసినా సేనోళ్లు నన్ను దాని కాడికి పోనిచ్చేటోళ్లు కాదు. నాకు ఎవరూ కుర్సీ ఏయలేదమ్మా."

ఆమె చేతులు పట్టుకుని ఆ లారీల మధ్యనే ఏడ్చేశాను. వెనక ఎవడో డ్రైవరు చీటీ కోసం హారన్ కొడుతూనే ఉన్నాడు. కొట్టుకోనీలే అనుకున్నాను.